పెట్రోలు వాసన రాలేదు

వాసన వచ్చి ఉంటే వెలిగించేదా? పెట్రోలు వాసన ముక్కుకు తగిలి ఉంటే అగ్గిపెట్టె సంచిలోంచి బయటికే వచ్చేది కాదు, ఇరవై ఎనిమిదేళ్లు చిలకలూరిపేట డిపోలో కండక్టరుగా చేసిన మనిషికి నిప్పు ఎక్కడ ముట్టించాలో ఎక్కడ ముట్టించకూడదో ఒకరు చెప్పాలా, అని తన తరఫున తానే వకాల్తా పుచ్చుకుని వాదించుకుంటూ, ఆ వాదన తనకే నచ్చక, అనంతలక్ష్మి స్టాండులో మూడో వరుసలో, ఎండకు కాలుతున్న రేకు బల్ల మీద కూర్చుని ఉంది. కుడి మణికట్టుకు పొద్దుటి నుంచీ ఉన్న ఆకుపచ్చ పట్టీ ఇప్పుడు లేదు. అది ఉంటేనే బళ్లు నిలిపే షెడ్లలోకి రానిస్తారు. టోపీ పెట్టుకున్న పొడుగాటి అమ్మాయి ఒకతె వచ్చి, ఎంతో మర్యాదగా రెండుసార్లు సారీ చెప్పి, కత్తెరతో దాన్ని కత్తిరించి పట్టుకుపోయింది. టిక్కెట్టు లేని వాళ్లను తన సర్వీసులో ఎంతమందిని దించిందో గానీ, తనను ఒకరు దించడం ఇదే మొదలు. దించారు, బాగానే చేశారు, తానైనా అదే చేసేది. ఆ పిల్ల మీద ఇసుమంత కోపం లేదు. బెంగంతా కంచెకు అవతల, తెల్లటి డేరాలో రిఫరీ ముందు నిలబడి ఉన్న మనవరాలు హంసిక గురించి. ఇంకా ఒక్క పందెమే మిగిలింది, అందులో హంసిక బండెక్కాలి, తాను వెలిగించిన రెండు కర్పూరం బిళ్లల మూలంగా ఎక్కనిస్తారో లేదో ఇంకా ఎవరూ చెప్పడం లేదు.

ఎదురుగా కోడిగుడ్డు ఆకారంలో మట్టి దారి. దాని మీద ఒక ట్రాక్టరు గుంటక లాంటిదాన్ని లాక్కుంటూ చుట్లు కొడుతోంది, వెనకాలే నీళ్ల ట్యాంకరు తడుపుతూ వస్తోంది, మట్టి తడిసిన వాసన గాలిలో వచ్చి మొహానికి తగిలింది. ఆ వాసన ఏ దేశంలోనైనా ఒకటే కాబోలు, నాదెండ్ల రోడ్డులో తొలకరి పడ్డప్పుడు బస్సు కిటికీల్లోంచి వచ్చేది ఇదే, అప్పుడు బస్సంతా ఒక్క క్షణం మాట్లాడకుండా కూర్చునేది. చుట్టూ కనుచూపు మేర మొక్కజొన్న. నేపర్‌విల్‌లో కూతురింటి నుంచి రెండు గంటలు కారులో వస్తే ఈ సంతమైదానం, ఇందులో ఈ స్పీడ్‌వే పోటీ. పేరు వినడానికి దర్జాగా ఉంది గానీ ఆ బళ్లకు బ్రేకులుండవు. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు అల్లుడు శ్రీకాంత్ తనను ఆటపట్టిస్తున్నాడనుకుంది. బ్రేకుల్లేవు, గేరొక్కటే, సెల్ఫు లేదు, కిక్కు లేదు, వెనక నుంచి ఎవరో ఒకరు తోసి స్టార్టు చేయాలి. చిలకలూరిపేటలో ఇలాంటి బండిని రోడ్డెక్కించిన వాడికి సాయంత్రానికల్లా మెమో చేతికొచ్చేది. ఒక్కో పందెంలో నలుగురు పిల్లలు, దేశానికొకరు చొప్పున. నాలుగు చుట్లు, నిమిషంలో అయిపోతుంది. మలుపు రాగానే బండిని అడ్డంగా పడేసి, ఇనుప అడుగు తొడిగిన ఎడమకాలు నేలకు ఆనించి, మట్టి ఎగజిమ్ముకుంటూ జారిపోతారు. అందరూ ఇరవై ఒక్క ఏళ్ల లోపు వాళ్లే. శుక్రవారం ఏడు దేశాల జట్లు మొదలుపెడితే ఆదివారానికి నాలుగు మిగిలాయి. పోలండు, బ్రిటన్ వాళ్లు అందనంత ముందుకు పోయారు, మూడో పతకం కోసం డెన్మార్కుకూ అమెరికాకూ కీచులాట, డెన్మార్కు ఒక్క పాయింటు ముందుంది. హంసిక అమెరికా జట్టులో అయిదోది, అంటే ఎవరైనా పడితే ఎక్కాల్సిన మనిషి.

పడ్డాడు. కేలబ్ అనే పొడుగాటి కుర్రాడు, ఎప్పుడు కనబడినా ‘నమస్తే అమ్మమ్మా’ అంటాడు, కిందటి పందెంలో మలుపు దగ్గర జారి గాలి నింపిన కంచెలోకి దూసుకుపోయాడు. భుజం దగ్గర ఎముక విరిగింది, ప్రాణానికి ఏం లేదు, అంబులెన్సు ఎక్కిస్తుంటే కూడా ఆ పిల్లాడు బొటనవేలు పైకెత్తి చూపించాడు, వాళ్లమ్మ కడుపు చల్లగా ఉండ. కంచె చిరిగింది. అది బాగు చేయడానికి గంట పడుతుందన్నారు. ఆఖరి పందెంలోనూ ఎక్కాల్సింది కేలబే కాబట్టి ఇప్పుడు హంసిక ఎక్కాలని కోచ్ వచ్చి చెప్పాడు. చెప్పగానే ఆ పిల్ల మొహం చూడాలి, పదిహేడేళ్ల పిల్ల, పెదవులు బిగబట్టి తలూపి, గ్లవ్స్ మార్చుకోవడానికి వ్యానులోకి వెళ్లింది. కోచ్ కేలబ్ వెనకాల వెళ్లాడు. అల్లుడు నీళ్ల బకెట్లు నింపి తెచ్చి పెట్టి, మళ్లీ దేనికో పరిగెత్తాడు. షెడ్డులో బండి, తాను, అంతే. పచ్చరంగు చాప మీద బండి నిలబడి ఉంది, బురద కడిగి, తుడిచి, తళతళలాడుతూ. అలా కడిగి నిలబెట్టిన బండిని చూసి ఊరుకునే చేతులా తనవి?

దసరాకు డిపోలో బస్సులన్నీ ఇలాగే కడిగి వరసగా నిలబెట్టేవాళ్లు. ముందుభాగానికి మామిడాకులు, స్టీరింగుకు గంధం, బొట్టు, టైర్ల కింద నిమ్మకాయలు. పూజ అయ్యాక గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి ఇంజను చుట్టూ తిప్పి కొట్టేవాళ్లు. ఆడవాళ్లు గుమ్మడికాయ పట్టుకోకూడదని మొదటి ఏడాది ఎవరో గొణిగితే, డ్రైవరు మస్తాన్ సాహెబు తానే కాయ తెచ్చి అనంతలక్ష్మి చేతిలో పెట్టాడు, ‘ఏడాదంతా బస్సులో నిలబడేది చెల్లెమ్మే, దిష్టి కూడా చెల్లెమ్మే తీస్తది’ అని. ఆయన మాటకు ఎదురు చెప్పినవాడు లేడు. ఆ రోజు నుంచి పదవీ విరమణ దాకా తమ బస్సుకు హారతి ఇచ్చింది తానే. ఇరవై ఎనిమిది దసరాలు, ఒక్కసారైనా చిన్న నిప్పురవ్వ ఎగిరింది లేదు. డీజిలు అంత తేలిగ్గా అంటుకోదు, పెట్రోలు బళ్లయితే దూరంగా జరిపి వెలిగించాలి, ఆ మాత్రం ఇంగితం ఉంది. అందుకే ఇక్కడ కూడా వంగి బండి దగ్గర వాసన చూసింది. పెట్రోలు వాసన లేనే లేదు. ఆస్పత్రిలో సూది మందుకు ముందు దూదితో రుద్దుతారే, ఆ స్పిరిటు వాసన లాంటిది కొంచెం వచ్చింది. తుడిచారు కదా, తుడిచిన మందు వాసన అనుకుంది. సంచిలోంచి కుంకుమ భరిణె తీసి హ్యాండిలుకు బొట్టు పెట్టింది, ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టింది, పళ్లెం లేక అల్లుడి కాఫీ కప్పు మూత మీద రెండు బిళ్లలు వెలిగించింది.

ఈ బళ్లలో పోసే మిథనాల్ మంట ఎండలో కంటికి కనబడదట. అది ఇప్పుడు తెలిసింది. చాప మీద ఎక్కడో నాలుగు చుక్కలు ఒలికి ఉన్నాయి కాబోలు, మూతను బండి చుట్టూ తిప్పుతుండగా, తారురోడ్డు మీద నడి ఎండలో గాలి వణికినట్టు బండి వెనకాల గాలి వణికింది. వింతగా ఉందే అని చూస్తూ నిలబడింది, పిచ్చిమొద్దు, చూస్తూ నిలబడింది! పక్క షెడ్డు డెన్మార్కు వాళ్లది. అందులో ఒక ముసలాయన, ఎర్ర ఓవరాల్, చెవుల మీద తెల్లటి జుట్టు, తలెత్తి ఇటు చూశాడు. ఏదో అరిచాడు. ఆ వయసు మనిషి అంత వేగంగా కంచె దాటి ఎలా వచ్చాడో తెలియదు, ఒక చేత్తో ఆమెను భుజం పట్టి పక్కకు లాగి పారేశాడు, రెండో చేత్తో అల్లుడు నింపి పెట్టిన బకెట్టు ఎత్తి గుమ్మరించాడు, ఇంకో బకెట్టు, తర్వాత వట్టి చేతులతోనే ఆమె కొంగు చివర పట్టుకుని నలిపాడు. అప్పుడు గానీ ఆమెకు కొంగు కాలుతున్నట్టు తెలియలేదు. నాలుగు వేళ్ల మేర నల్లబడి మాడిన వాసన వేసింది. ఆయన చేతి మీద చర్మం ఎర్రగా కమిలిపోయింది. ఆమె చేతులు జోడించింది. ఆయన తల అడ్డంగా ఊపాడు, కోపంగానో ఫర్వాలేదనో తెలియలేదు. అంతలో ఈలలు, పరుగులు, మంటలార్పే సిలిండర్లు, టోపీ అమ్మాయి, కత్తెర.

కూతురు భావన వచ్చి పక్కన కూర్చుంది. తన పిల్ల పందెం ఏనాడూ కళ్లతో చూడదు, హంసిక బండెక్కిందంటే కార్ల మధ్య తిరుగుతూ ఉంటుంది. ఇప్పుడు కార్ల మధ్య నుంచే పరిగెత్తుకొచ్చినట్టుంది, చెంపలు చెమటతో తడిసి ఉన్నాయి.

“అసలేమనుకున్నావమ్మా నువ్వు? ఇది మన డిపో కాదు. పిట్స్‌లో లైటర్ కూడా ఎలౌ చేయరు.”

“పెట్రోలు వాసన రాలేదే.”

“అది పెట్రోల్ కాదమ్మా, మిథనాల్! నీకెవరూ చెప్పలేదా?”

“నేనడగలేదు.”

భావన చేతిలోని నీళ్ల సీసా మూత తీసి తల్లి చేతిలో పెట్టింది, మాడిన కొంగు తీసుకుని వేళ్లతో తడిమింది, దాన్ని మడిచి తల్లి ఒళ్లో పెట్టింది. ఈ పిల్లకు కోపం ఎప్పుడూ ఇంతే, పొంగినట్టు వస్తుంది, మూత తీయగానే దిగిపోతుంది, అచ్చం వాళ్ల నాన్న. రాజగోపాల్ కూడా ఇంట్లో చిందులేసి, బస్సు స్టీరింగు పట్టుకోగానే ఆవులా అయిపోయేవాడు. ఆయన కామెర్లతో పోయినప్పుడు భావనకు పదకొండేళ్లు. ఏడాది తిరగకుండా ఆయన ఉద్యోగానికి బదులుగా తనకు కండక్టరు ఉద్యోగం ఇచ్చారు. ఖాకీ చొక్కా చీర మీద వేసుకుని మొదటి రోజు బస్సెక్కితే, పలకరించిన వాళ్లు లేరు గానీ చూడని వాళ్లు లేరు. బస్సు కదలగానే తూలి ఒక రైతు ఒళ్లో పడింది. బస్సంతా నవ్వింది. ఏడుపు ఆగలేదు. మిరపకాయల కోతకు పోతున్న ఆడకూలీ, పేరు కూడా తెలియదు, లేచి తన కొంగుతో మొహం తుడిచి, ‘టిక్కెట్లు కొట్టవమ్మా ముందు, ఏడుపుదేముంది, ఇంటికి పోయి ఏడుద్దువుగాని’ అంది. ఆ మాట అనకపోయి ఉంటే మర్నాడు డ్యూటీకి వెళ్లేదా? వెళ్లకపోయి ఉంటే భావన చదువెక్కడ, పెళ్లెక్కడ, ఈ రేకు బల్ల ఎక్కడ, ఈ మొక్కజొన్న ఎక్కడ. ఆ మనిషి ఇప్పుడు ఎక్కడుందో, ఉందో లేదో. ఒక్కసారి ఎదురుపడితే కాళ్లకు దణ్ణం పెట్టాలి. అలాంటి వాళ్ల పేర్లు అప్పుడు అడగాలని తోచదు, పనిలో ఉంటాం.

మస్తాన్ సాహెబు ఆ సాయంత్రమే డిపోలో ఖాళీ బస్సు తీసి, ఆవరణలో అయిదు చుట్లు తిప్పి నిలబడటం నేర్పాడు. ‘మోకాళ్లు బిగబట్టబాకు చెల్లెమ్మా. బస్సుతో పోట్లాడబాకు. అది ఎటు ఊగితే ఒళ్లు అటు ఒదిలెయ్యి, పడితే నన్నడుగు.’ పడలేదు. ఇరవై ఎనిమిదేళ్లు రెండు చేతులూ టిక్కెట్లకే, కమ్మీ పట్టుకోకుండా నిలబడింది. హంసికకు తొమ్మిదేళ్లప్పుడు ఇలాంటి సంతకే వచ్చి, మొక్కజొన్న కంకి తింటూ, తనంత పిల్లలు చిన్న బళ్ల మీద మట్టిలో జారుతుంటే చూసి, కంకి పారేసి నాక్కూడా అందట. అల్లుడు సాఫ్ట్‌వేరు మనిషి, సైకిలు గొలుసు ఊడితే వీధి చివర దుకాణానికి పట్టుకెళ్లే రకం, అలాంటివాడు కూతురి కోసం రాత్రింబగళ్లు వీడియోలు చూసి ఇంజను విప్పడం నేర్చుకున్నాడు. మొదటి ఏడాది ఆ పిల్ల పడని రోజు లేదు. ఫోనులో అమ్మమ్మకు మోకాలి దెబ్బ చూపించి, ‘టర్న్‌లో పడిపోతుంది అమ్మమ్మా’ అని ఏడిస్తే, తాను మస్తాన్ సాహెబు చెప్పిన మాటే చెప్పింది, బండితో పోట్లాడకే, అది ఎటు పోతే ఒళ్లు అటు వదిలెయ్యి అని. వారం తర్వాత ఫోను వచ్చింది. పిల్ల నవ్వుతోంది. కోచ్ కూడా సరిగ్గా అదే మాట చెప్పాడట, అమ్మమ్మకు ఎలా తెలుసని అడిగింది. నాకేం తెలుసు, మస్తాన్ సాహెబుకు తెలుసు అంది తాను. పేటలో చుట్టాలు మాత్రం, ఆడపిల్లకు ఆ బళ్లేమిటి, కాలో చెయ్యో విరిగితే ఎవడు చేసుకుంటాడు అని ముక్కున వేలేసుకున్నారు. ఆడమనిషి బస్సులో టిక్కెట్లు కొట్టడమేమిటని ముక్కున వేలేసుకున్నదీ వాళ్లే. వాళ్ల వేళ్లకు ఇంకో పనుంటే కదా.

శ్రీకాంత్ దగ్గర నుంచి భావనకు ఫోను వచ్చింది. భావన వింటోంది, ఊఁ అంటోంది, లేచి నిలబడింది, మళ్లీ కూర్చుంది. ఫోను పెట్టేసి తల్లి మొహంలోకి చూడకుండా చెప్పింది.

“హంసికని రైడ్ చేయనిస్తారట. వార్నింగ్ ఇచ్చి వదిలేశారు.”

“అమ్మయ్య! వెయ్యి దణ్ణాలు ఆ రిఫరీ బాబుకు.”

“ఆగమ్మా. మనిషిని ఒప్పుకున్నారు గానీ బండిని ఒప్పుకోలేదు. ఒకసారి ఫైర్ అయిన బండిని ఆ రోజుకి మళ్లీ ట్రాక్ మీదికి రానివ్వరట, రూల్. ఇన్‌స్పెక్టర్ స్టిక్కర్ పీకేశాడు.”

“ఇంకో బండుందిగా?”

“దాని ఇంజిన్ ఫ్రైడేనే పోయింది కదా.”

మిగతా పిల్లల బళ్లు? అడగక్కర్లేదు, తెలుసు. జట్టులో మిగతావాళ్లంతా తాటిచెట్లంత కుర్రాళ్లు, వాళ్ల బళ్లెక్కితే హంసిక ఎడమకాలు నేలకు ఆనదు, ఆనకపోతే మలుపు తిరగడం కుదరదు. అంటే అయిపోయింది. రిఫరీ వదిలినా, కోచ్ క్షమించినా, తాను పెట్టిన చిచ్చు బండిని తినేసింది. పిల్ల ఎనిమిదేళ్ల చెమట అక్కడ పచ్చ చాప మీద బొట్టు పెట్టించుకుని పనికిరాకుండా నిలబడి ఉంది. ఒక మనిషి ఇంత మేలు కోరి ఇంత కీడు ఎలా చేయగలదు? అయినా ఏమిటో, ఎవరి మీదా కోపం రావడం లేదు, వచ్చిన కోపమంతా తన మీదే. అసలు కాలి చచ్చి ఉండాల్సింది, చావలేదు. కేలబ్ మెడ విరగలేదు, భుజమే విరిగింది. ఆ ముసలాయన తలెత్తకపోయి ఉంటే, తలెత్తినా పక్కవాళ్ల గొడవ మనకెందుకని ఊరుకుని ఉంటే, ఈపాటికి భావన నీళ్ల సీసా ఎవరికి పట్టేది?

స్టాండు కింద కంచె దగ్గరికి హంసిక వచ్చింది. నీలం రంగు తోలు బట్టలు, జడ నడినెత్తిన ముడి, మొహం నిండా మట్టి. కంచె సందులోంచి వేళ్లు చాపింది. అనంతలక్ష్మి బల్లలు దిగి వెళ్లి ఆ వేళ్లు పట్టుకుంది. ముక్కు ఎగబీల్చింది.

“ఏడవకు అమ్మమ్మా. నీకు బర్న్ అయ్యిందా? చూపించు.”

“నాకేం కాలేదే. నీ బండిని తగలబెట్టాను. తిట్టవే నన్ను, ఒక్కసారి తిట్టు.”

“ఎందుకు తిట్టాలి? నువ్వు నా బైక్‌కి పూజ చేసింది. నాకు నెక్స్ట్ ఇయర్ కూడా రేస్ ఉంటుంది. అమ్మమ్మ ఒక్కటే ఉంది.”

వెనక నుంచి కోచ్ పిలిచాడు. హంసిక వెనక్కి తిరిగి చూసి, ‘కమింగ్’ అని అరిచి, వేళ్లు విడిపించుకుని పరిగెత్తింది. ఆ పరుగులో ఇనుప అడుగు బూటు టకటకమని చప్పుడు చేసింది. ‘ఒక్కటే’ కాదే, ‘ఒక్కతే’ అనాలి అని ఎప్పుడూ దిద్దేది తాను, ఇవాళ దిద్దలేదు. ఈ పిల్లకు ఇంత మనసు ఎవరిచ్చారు? తాను కాదు, తానైతే ఆ వయసులో చెప్పు తెగితే రెండు రోజులు అన్నం మానేసేది. భావనా కాదు. ఈ మట్టి ఇచ్చిందేమో, పడటం లేవడం పడటం లేవడం, పడ్డవాడిని లేపింది ఏ జట్టు వాడో చూసుకునే తీరిక లేకపోవడం. శుక్రవారం బ్రిటన్ పిల్లాడు పడితే పోలండు పిల్లాడు బండి పక్కన పారేసి పరిగెత్తాడు. అప్పుడు తాను, వాడి పందెం పోయిందే అని బాధపడింది. పక్కనున్న ఎవరూ బాధపడలేదు, లేచి చప్పట్లు కొట్టారు.

అనంతలక్ష్మి మళ్లీ బల్ల మీదికి వచ్చి కూర్చునేసరికి ట్రాక్టరు పక్కకు తప్పుకుంది. కంచె కట్టడం అయిపోయిందని మైకులో చెప్పాడు, జనం మళ్లీ సోడాలతో, వేయించిన పిండివంటలతో బల్లల మీదికి చేరుతున్నారు. రెండు నిమిషాల హారను మోగింది. రెండు నిమిషాల్లో గీత దగ్గరికి రాని మనిషి పందెంలో లేనట్టే. పోలండు పిల్లాడు వచ్చాడు, వాళ్ల మెకానిక్కు తోస్తే ఇంజను బుర్రున అందుకుంది. బ్రిటన్ పిల్లాడు వచ్చాడు. డెన్మార్కు పిల్లాడు ఎర్ర బట్టల్లో వచ్చాడు, అతనికి ఇప్పుడు ఏ తొందరా అక్కర్లేదు, హంసిక రాకపోతే నాలుగు చుట్లు నింపాదిగా తిరిగొచ్చినా పతకం వాళ్లదే. నాలుగో చోటు ఖాళీ. ఆ ఖాళీ జాగా వైపు చూడలేక అనంతలక్ష్మి తల దించుకుంది. తన కాళ్లకున్న తెల్ల బూట్లు, వాటి మీద ఎండిన బురద, ఒళ్లో నల్లబడిన కొంగు. పక్కన భావన లేచి కార్ల వైపు వెళ్లిపోతుందనుకుంది, వెళ్లలేదు. వెళ్లకపోగా మోచేతి దగ్గర గట్టిగా పట్టుకుంది, గోళ్లు గుచ్చుకునేంత గట్టిగా.

“అమ్మా. అమ్మా, చూడు.”

షెడ్ల గేటులోంచి ఎర్ర బండి ఒకటి వస్తోంది. ఎర్ర బండి మీద నీలం బట్టల్లో హంసిక. మొదట అర్థం కాలేదు. నీలం పిల్ల ఎర్ర బండి మీద ఏమిటి, కళ్లు చెదిరాయా అనుకుంది. ఆ బండి మీద తెల్ల శిలువ బొమ్మ, పొద్దుటి నుంచీ పక్క షెడ్డులో చూస్తూనే ఉంది. డెన్మార్కు జట్టులో హంసికంత పొట్టి పిల్లాడు ఒకడున్నాడు, ఇవాళ ఎక్కే పని పడక టోపీ వెనక్కి తిప్పుకుని శనగలు నములుతూ కూర్చున్నాడు, అతని బండి అది. అతనే హంసిక హెల్మెట్టు పట్టీ సరిచేసి పక్కకు తప్పుకున్నాడు. బండి వెనక ఒక మనిషి వంగి తోస్తున్నాడు. అల్లుడు కాడు, అల్లుడు గేటు దగ్గరే నిలబడిపోయాడు, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని. తోస్తున్నది ఎర్ర ఓవరాల్ వేసుకున్న ముసలాయన. కుడి చేతికి మోచేతి దాకా తెల్లటి కట్టు. ఆ చెయ్యి ఆనించలేక ఎడమ చేత్తో, భుజంతో, తలతో అన్నట్టుగా తోస్తున్నాడు, తెల్లజుట్టు ఎగురుతోంది, కాళ్లు మట్టిలో జారుతున్నాయి, జారినా ఆగలేదు, పది అడుగులు, ఇరవై అడుగులు, బండి ఒకసారి దగ్గింది, రెండోసారి దగ్గింది, అందుకుంది. అందుకోగానే ఆయన చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని రొప్పుతూ నిలబడ్డాడు.

ఆ పక్కనే తన సొంత జట్టు పిల్లాడు గీత దగ్గర నిలబడి ఉన్నాడు, ఊరుకుంటే పతకం ఇంటికొచ్చేది, ఊరుకోలేదు. ఊరుకుంటే ఎవరూ ఏమీ అనేవాళ్లు కూడా కాదు. బండి తగలబెట్టుకున్నది వాళ్లు, రూలు పెట్టింది రిఫరీ, మధ్యలో ఆయనకేం పట్టింది? అనంతలక్ష్మి లేచి నిలబడింది. స్టాండులో ఒక్కరొక్కరే లేస్తున్నారు, అర్థమైనవాళ్లు అర్థం కానివాళ్లకు చేయెత్తి చూపిస్తున్నారు. ఇంత జనం, ఇన్ని రంగుల జెండాలు, ఎవరికీ ఎవరూ ఏమీ కారు. తనకు ఈ ఊళ్లో ఎవరూ ఏమీ కారు. అయినా ఇవాళ ఒక గంటలో ఒకడు ప్రాణం కాపాడాడు, ఒకామె మర్యాదగా దించింది, ఒకడు వార్నింగుతో వదిలాడు, ఒక పిల్లాడు బండిచ్చాడు. తనేం చేసింది వాళ్లకు? నిప్పు పెట్టింది. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవాలనిపించలేదు. ముసలాయన నిటారుగా నిలబడి, ఎవరి వైపూ చూడకుండా, కట్టు కట్టిన చేతిని గుండెకు ఆనించుకుని గేటులోకి నడిచి వెళ్లిపోయాడు.

నాలుగు బళ్లూ గీత దగ్గర ఆగాయి. ఇంజన్ల మోతకు బల్లలు అదురుతున్నాయి. అనంతలక్ష్మి అలవాటుగా రెండు చేతులూ జోడించి కళ్లు మూసుకుంది. బస్సెక్కిన మొదటి రోజు నుంచి ఇప్పటి దాకా ఆ చేతులు ఊరికే జోడించింది లేదు. ఉద్యోగం నిలబెట్టు తండ్రీ, పిల్లకు మంచి సంబంధం చూడు తండ్రీ, వీసా రానీ తండ్రీ, హంసికను గెలిపించు తండ్రీ. ఇప్పుడు కూడా పెదవి కదిలింది, మనవరాలిని గెలిపించు అనబోయింది, అంటే ఆ ఎర్ర బట్టల పిల్లాడిని ఓడించమనే కదా. ఓడించు అనడానికీ నోరు రాలేదు, హంసిక ఓడిపోనీ అనడానికీ మనసు రాలేదు. చేతులు మాత్రం అలాగే జోడించి ఉన్నాయి. కళ్లు తెరిచి చూసేసరికి భావన తననే చూస్తోంది, ఇన్నేళ్లలో మొదటిసారి మైదానానికి ఎదురుగా నిలబడి.

“ఏం మొక్కుకున్నావమ్మా?”

“ఏమీ అడగలేదే. అడగటానికింకేం మిగిలింది? అటు చూడు, బయల్దేరుతున్నారు.”